గిడ్డయ్య సారు ఆలస్యంగా నేర్చుకున్న చదువు

ఆదోనికి పడమటగా ఎర్రబావి అనే చిన్న ఊళ్లో గిడ్డయ్య అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు; బడి చెప్పడంలో తనకు తెలియనిది గానీ, ఇంక నేర్చుకోవలసింది గానీ ఏమీ లేదని అతని గట్టి నమ్మకం.

అతను సోమరి కాడు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో వాన వచ్చినా, జ్వరంతో ఒళ్లు కాలినా, గంట కొట్టే వేళకు బడి దగ్గర ఉండేవాడు. అతనిది కంచు గొంతు. పాఠంలో ఒక వాక్యం అతను చదివేవాడు. ముప్పైమంది పిల్లలు దాన్ని అందుకుని ఒక్క గొంతుతో తిరిగి చెప్పేవారు. చెబుతున్నంతసేపూ వాళ్ల వేళ్లు పుస్తకంలో అక్షరాల కింద పరుగెత్తేవి. మూడు రోజుల్లో పాఠమంతా నోటికి వచ్చేసేది. తనిఖీకి వచ్చిన అధికారి ఏ పేజీ తీయమన్నా తీసి, అక్కడున్న బొమ్మ చూసి, గడగడా చెప్పేవారు.

"మీ పిల్లలు కాలవ పారినట్టు చదువుతున్నారయ్యా" అని అధికారి మెచ్చుకుని వెళ్లేవాడు.

ఆ పిల్లల్లో చాలామందికి చదవడం రాదని ఎవరికీ తెలియదు. గిడ్డయ్యకూ తెలియదు. పిల్లలకు కూడా తెలియదు. చదవడమంటే అదేనని వాళ్లు అనుకునేవారు.

ఒక ఏడు దసరా సెలవుల తర్వాత మండల కేంద్రంలో ఉపాధ్యాయులకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. పిల్లలకు చదవడం ఎట్లా నేర్పితే నిజంగా వస్తుందో, వేలమంది పిల్లలను పరీక్షించి చూసినవాళ్లు ఏం తేల్చారో చెప్పే శిక్షణ అది. చెప్పడానికి వచ్చింది షంషాద్ అనే టీచరు. ఆమెకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

గిడ్డయ్య చివరి బెంచీలో కూర్చున్నాడు. పక్కనున్న పంతులు అతని వైపు వంగాడు.

"ఏమప్పా గిడ్డయ్యా, ఈసారి ఏం నేర్పుతారంట?"

"చదవడం నేర్పేది ఎట్లో నేర్పుతారంట. వచ్చే ఏడు అన్నం నమిలేది ఎట్లో కూడా నేర్పుతారులే."

వెనక బెంచీలన్నీ నవ్వాయి. ఆ మాట షంషాద్ చెవిన పడింది. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"సార్, మీ బడిలో ఎవరో ఒక పిల్లను పక్కకు పిలవండి" అంది. "పాఠ్యపుస్తకంలో లేని నాలుగు వాక్యాలు రాసి చేతికివ్వండి. బొమ్మ ఉండకూడదు. తోటి పిల్లలు ఉండకూడదు. మీరు నోరు తెరవకూడదు. ఆ పిల్ల చదివితే, నేనే మీ బడికి వచ్చి మీ దగ్గర నేర్చుకుంటాను."

"అమ్మా, నువ్వు పలక పట్టకముందు నుంచి నేను బడి చెప్తున్నా. నాకు పరీక్షలు పెట్టొద్దు" అన్నాడు గిడ్డయ్య.

టీ వచ్చింది. టీ తాగి, హాజరు పుస్తకంలో మూడు రోజుల గళ్లలోనూ ఒకేసారి సంతకాలు పెట్టేసి, అతను పదకొండు గంటల బస్సుకు ఊరికి వెళ్లిపోయాడు.

ఎర్రబావి మెట్ట ఊరు. కార్తీకం దాటితే అక్కడ పని ఉండదు. జనం పిల్లాజెల్లాతో లారీలెక్కి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయేవారు. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. ఉగాది వరకు సగం ఇళ్లకు తాళాలే. బడిలోనూ సగం పలకలు ఖాళీ.

నాలుగో తరగతిలో ఉరుకుందమ్మ అనే పిల్ల ఉండేది. గిడ్డయ్య పాఠం మొదటి మాట అంటే చాలు, మిగతా పాఠం ఆ పిల్ల ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. తనిఖీకి ఎవరు వచ్చినా అతను ముందు నిలబెట్టేది ఆమెనే. ఆ డిసెంబరులో ఉరుకుందమ్మ తల్లి తిక్కమ్మ బడికి వచ్చింది.

"సారూ, పిల్లను సుగ్గికి పిలుచకపోతాండాం. రెండు చేతులు ఎక్కువైతాయి" అంది.

"నీకేమన్నా బుద్ధుందా తిక్కమ్మా?" అన్నాడు గిడ్డయ్య. "ఏప్రిల్లో గురుకులం పరీక్ష ఉంది. సీటు వస్తే పదో తరగతి దాకా తిండీ బట్టా చదువూ అన్నీ వాళ్లే చూస్తారు. ఈ పిల్ల జన్మలో మిరపచేను మొహం చూడనక్కర్లేదు."

"రాకపోతే?"

"ఉరుకుందమ్మకు రాకపోతే ఇంకెవరికి వస్తాది? నా మాట మీద ఉంచు."

తిక్కమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆమె తొమ్మిదేళ్లప్పుడు సుగ్గికి పోయింది. ఆమె తల్లీ అంతే. మిరపకాయల ఘాటుకు చేతులు మండితే ఎట్లుంటుందో ఆమెకు వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు.

"సరే సారూ, నీ మాట మీద వదుల్తాండా" అంది చివరికి. "సీటు వచ్చిందంటే నా బిడ్డ బతుకు మారుతాది. రాలేదంటే మాత్రం వచ్చే సుగ్గికి మాతోనే. మళ్లా అడ్డం రావొద్దు."

ఉరుకుందమ్మను అవ్వ దగ్గర వదిలి తల్లీ తండ్రీ వెళ్లిపోయారు.

గిడ్డయ్య మాట తప్పే మనిషి కాదు. పాత ప్రశ్నపత్రాలు అయిదారు సంపాదించాడు. రోజూ బడి వదిలాక రెండు గంటలు కూర్చోబెట్టి, ప్రశ్న తను చదివేవాడు, జవాబు ఆ పిల్ల చెప్పేది. మార్చి వచ్చేసరికి ప్రశ్నలో రెండు మాటలు విని, మిగతా ప్రశ్నా జవాబూ అన్నీ ఆమే చెప్పేసేది. గిడ్డయ్య మురిసిపోయాడు. తనకు తెలిసిన పద్ధతిలో అతను ప్రాణం పెట్టి పనిచేశాడు. ఆ సంగతి కూడా చెప్పాలి. మంచివాడు చేసిన తప్పు మంచితనం వల్ల ఒప్పు కాదు కాబట్టి చెప్పాలి.

పరీక్ష ఆదోనిలో. అప్పటికి తిక్కమ్మ వాళ్లు సుగ్గి నుంచి తిరిగి వచ్చారు. గిడ్డయ్య, తిక్కమ్మ, ఉరుకుందమ్మ ముగ్గురూ ఆటోలో వెళ్లారు. పిల్ల లోపలికి పోయింది. పెద్దవాళ్లిద్దరూ గోడ నీడన కూర్చున్నారు.

"ఈపాటికి సగం రాసేసి ఉంటాది" అన్నాడు గిడ్డయ్య.

రెండు గంటల తర్వాత ఉరుకుందమ్మ బయటికి వచ్చింది. ఏడవడం లేదు. ఆశ్చర్యపోయినట్టుంది. ప్రశ్నపత్రం చేతిలో మడతపడకుండా పట్టుకుని ఉంది.

"ఎట్ల రాసినావ్ మే?" అన్నాడు గిడ్డయ్య.

"సారూ, ఆ కాయితంలో మన పాఠం లేదు."

"ఏ పాఠమైతే ఏం? ప్రశ్న చదివి సరైన జవాబుకు గుర్తు పెట్టాలి గదా."

పిల్ల ప్రశ్నపత్రం అతనికి అందించింది. గిడ్డయ్య దాన్ని తీసుకుని, తెలుగు భాగంలో మొదటి ప్రశ్న మీద వేలు పెట్టాడు. అది ఒక కాకి గురించిన మూడు చిన్న వాక్యాలు.

"ఇది చదువు."

ఉరుకుందమ్మ కాగితం చూడలేదు. అతని నోటి వైపు చూసింది. కాసేపు ఎదురుచూసి, మర్యాదగా అంది:

"మీరు మొదలుపెట్టండి సారూ. నేను అందుకుంటా."

గిడ్డయ్య "కాకి" అనే మాట మీద వేలు పెట్టాడు. పిల్ల ఆ రెండు అక్షరాల చుట్టూ బొమ్మ కోసం వెతికింది. బొమ్మ లేదు. "మేక?" అంది. అతని మొహం చూసి, "కాదా? కోడి?" అంది.

తిక్కమ్మ లేచి నిలబడింది. ఆమె కేకలు వేయలేదు. వేసి ఉంటే గిడ్డయ్యకు కాస్త తేలికగా ఉండేది.

"సారూ, నా బిడ్డకు చదువు రాదా?" అని మాత్రం అడిగింది.

గిడ్డయ్య ప్రశ్నపత్రం మడిచి జేబులో పెట్టుకుని, ఆటోను పిలిచాడు. 

మర్నాడు బడిలో అతను పిల్లలను ఒక్కొక్కరినే అరుగు మీదికి పిలిచాడు. పుస్తకంలో లేని నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి ఇచ్చి, నోరు మూసుకుని కూర్చున్నాడు. ముప్పై ఒక్కమందిలో చదివినవాళ్లు నలుగురు. తక్కిన ఇరవై ఏడుమందీ అతని నోటి వైపే చూశారు.

ఆ వారంలోనే అతను షంషాద్ పనిచేసే ఊరు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె బడి మెట్ల మీద నిలబడి ఉంది.

"నేను ఎర్రబావి గిడ్డయ్యను అమ్మా. మొన్న దసరా తర్వాత శిక్షణలో మొదటి రోజే టీ తాగి వెళ్లిపోయినవాణ్ణి."

"గుర్తుంది సార్. సంతకాలు మాత్రం మూడు రోజులకూ ఉన్నాయి" అంది ఆమె.

అతను తల వంచుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు. షంషాద్ నవ్వలేదు, ముందే చెప్పాను కదా అనలేదు. జూన్‌లో మళ్లీ శిక్షణ ఉందని చెప్పింది.

జూన్‌లో గిడ్డయ్య ముందు వరసలో కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్లు. "రిటైరయ్యే ముందు ఒకటో తరగతిలో చేరారా సార్?" అని ఒకడు వెక్కిరించాడు. అతను నోటుబుక్కు తెరిచాడు. కానీ మొండితనం ఒక్క రోజులో పోయేది కాదు. మొదటి రోజు మధ్యాహ్నమే లేచి అడిగాడు.

"మా అయ్యవారు అందరితో కలిపి వల్లె వేయించే నేర్పినాడు. నాకు చదువు రాలేదా?"

"మీకు వచ్చింది సార్. మీతో కూర్చున్నవాళ్లు ఎంతమంది?" అంది షంషాద్.

"నలభైమంది దాకా ఉంటారు."

"వాళ్లలో ఈ రోజు ఉత్తరం చదవగలిగినవాళ్లు?"

గిడ్డయ్య మనసులో ఒక్కొక్క ఇల్లే లెక్కపెట్టుకుంటూ పోయాడు. గొర్రెల పెద్దన్న, సున్నపుబట్టీ లింగప్ప, వేలిముద్ర వేసే తన సొంత అన్న. చదవగలిగినవాళ్ల లెక్క అయిదుగురి దగ్గర ఆగిపోయింది. కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

అక్షరానికి ఒక శబ్దం ఉంటుందని, శబ్దానికి శబ్దం కలిపితే మాట పుడుతుందని, ఆ కలపడమే పిల్లలకు చేతికి రావాలని షంషాద్ చెప్పింది. నాలుగు అక్షరాలు నేర్పగానే ఆ నాలుగింటితోనే మాటలు కట్టించాలి. గుణింతాలు ఒక్కో గుర్తుగా రావాలి. ఒత్తులు చివర్లో. చదివినదానికి అర్థం అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ ప్రతి పిల్ల పక్కన ఒక్క నిమిషమైనా కూర్చుని ఆ ఒక్క గొంతునే వినాలి. గిడ్డయ్య అన్నీ రాసుకున్నాడు. మూడు రోజులూ సాయంత్రం బస్సుకే వెళ్లాడు.

గురుకులం జాబితాలో ఉరుకుందమ్మ పేరు లేదు. బడి తెరిచినా ఆ పిల్ల రాలేదు. నలుగురిలో అవమానమైందని ఇంట్లోనే మూల కూర్చుంది. గిడ్డయ్య వాళ్ల ఇంటికి వెళ్లాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.

"అందరూ వినండి" అన్నాడు. "ఈ పిల్ల మొద్దు కాదు. నేను చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. చదవడం నేను నేర్పలేదు. తప్పు నాది."

తిక్కమ్మ ఎసట్లో బియ్యం వేస్తూ తలెత్తలేదు. "మాటలొద్దులే సారూ. డిసెంబరు దాకా బడికి వస్తాది. ఆ తర్వాత మాతో సుగ్గికి వస్తాది. నేను అప్పుడే చెప్పినా."

"చెప్పినావు" అన్నాడు గిడ్డయ్య.

అట్లా అతనికి ఆరు నెలలు మిగిలాయి. ఆ పిల్ల లారీ ఎక్కేలోపు నిజంగా చదవడం రావాలి. లేకపోతే మిరపచేలల్లో ఉన్న నాలుగు నెలల్లో వచ్చిన కాస్తా పోతుంది. ఇంక బడి మొహం చూడదు. అది అతనికి తెలుసు.

నేర్పడం అతను అనుకున్నంత సులువు కాలేదు. ఇరవై ఏడేళ్ల అలవాటు. పిల్ల "ప" అనేలోపు అతని నోరు "పలక" అనేసేది. ఒక రోజు షంషాద్ వచ్చి వెనక కూర్చుని చూసింది.

"సార్, పిల్ల తలుపు తోసేలోపే మీరు లోపలి నుంచి తీసేస్తున్నారు. తొయ్యనివ్వండి" అంది.

మర్నాటి నుంచి గిడ్డయ్య పాఠం వినే వేళ నోట్లో ఒక లవంగం పెట్టుకుని పళ్ల మధ్య నొక్కి పట్టేవాడు. నోరు తెరిస్తే లవంగం జారుతుంది. అట్లా తన నోటికి తనే కళ్లెం వేసుకున్నాడు.

"సారుకు పంటినొప్పి" అని ఒకటో తరగతి పిల్లలు చెప్పుకున్నారు.

"నొప్పి కాదు, మన చేత చెప్పించాలని" అంది ఉరుకుందమ్మ.

ఆమె అయిదో తరగతి అయినా రెండో తరగతి పిల్లల పక్కన కూర్చుని "ప... ల... క..." అని కూడబలుక్కుంది. మొదట్లో సిగ్గుతో గొంతు లేచేది కాదు. ఆగస్టులో చిన్న మాటలు వచ్చాయి. అక్టోబరుకు గుణింతాలు వచ్చాయి. ఒత్తుల దగ్గర తట్టుకుంటూనే ఉండేది. అక్షరం ఎంత నెమ్మదిగా వస్తుందో, వచ్చాక ఎంత గట్టిగా ఉంటుందో, పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

డిసెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం సుగ్గి లారీ బడి ఎదురుగా ఆగింది. మూటలు, బిందెలు, మేకపిల్లలు, జనం అన్నీ ఎక్కాయి. గిడ్డయ్య ఒక్కసారి ప్రయత్నించాడు.

"తిక్కమ్మా, పిల్లను మా ఇంట్లో ఉంచు. నా భార్య చూసుకుంటాది."

"ఒకసారి నీ మాట మీద ఉంచినా సారూ" అంది తిక్కమ్మ.

గిడ్డయ్య పక్కకు తప్పుకున్నాడు.

కూలీలను కుదిర్చిన మేస్త్రీ ముందు బండిలో వెళ్లిపోతూ, ఎక్కడ దిగాలో రాసిన చీటీ తిక్కమ్మకు ఇచ్చిపోయాడు. నిరుడు లారీవాడు తప్పుచోట దింపితే, పిల్లలను చంకనెత్తుకుని ఎండలో ఆరు మైళ్లు నడిచారు. అందుకే ఆమె చీటీని గిడ్డయ్యకు అందించింది.

"ఇదేందో చూడు సారూ."

గిడ్డయ్య చూశాడు. చేతిరాత గజిబిజిగా ఉంది. అతను చీటీని పక్కనున్న ఉరుకుందమ్మ చేతిలో పెట్టాడు.

"అయ్యో, అది మళ్లా శ్రీశైలం పాఠం అప్పజెప్తాది! మనం శ్రీశైలంలో దిగుతాం!" అని లారీ మీది నుంచి ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు.

ఉరుకుందమ్మ ఎవరి మొహమూ చూడలేదు. చీటీనే చూసింది.

"య... డ్ల... యడ్ల. పా... లెం. యడ్లపాలెం. అడ్డ... రోడ్డు... దగ్గర దిగాలి. ఊ... ళ్లోకి... పోవద్దు."

నవ్వులు ఆగిపోయాయి. తర్వాతి మాట దగ్గర పిల్ల ఆగింది. ఒత్తు మీద ఒత్తు. గిడ్డయ్య పెదవులు కదిలాయి. ఆ రోజు నోట్లో లవంగం లేదు. అతను చేత్తో నోరు మూసుకున్నాడు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్ల మొదటికి వచ్చింది.

"ట్రా... క... క్ట... ట్రాక్టరు! ట్రాక్టరు వస్తుంది. అమ్మా, అడ్డరోడ్డు దగ్గర దిగితే ట్రాక్టరు వస్తుందంట. ఊళ్లోకి పోవద్దంట."

తిక్కమ్మ కూతురి వైపు తిరిగింది.

"ముందు గడగడా చదివేదానివి గదమే. ఇప్పుడేంది నత్త మాదిరి?"

"ముందు చదవలేదుమా. సారు చెప్పింది చెప్పినా" అంది పిల్ల. "ఇది నేను చదివినా."

తిక్కమ్మ చీటీ తీసుకుని కొంగున కట్టుకుంది. పిల్లను పైకెత్తి లారీలో కూర్చోబెట్టింది. తనూ ఎక్కి, గిడ్డయ్య వైపు చూడకుండానే అంది:

"ఉగాదికి తీసుకొస్తా సారూ. అంతవరకు చదివేకి ఏమన్నా ఉంటే ఇయ్యి."

గిడ్డయ్య ఆ వయసులో పరుగెత్తాడు. బడిలో నుంచి మూడు కథల పుస్తకాలు తెచ్చి, కదులుతున్న లారీ మీదికి అందించాడు. ఉరుకుందమ్మ వంగి అందుకుంది.

లారీ వెళ్లిపోయింది. గిడ్డయ్య దుమ్ములో నిలబడిపోయాడు. గురుకులంలో ఆ పిల్ల కూర్చోవలసిన చోట వేరే పిల్ల కూర్చుని ఉంది. అక్కడ ఉండవలసిన చేతులు రేపటి నుంచి మిరపకాయలు కోస్తాయి. ఆమెకు చదవడం వచ్చింది, కానీ ఏడాది ఆలస్యంగా వచ్చింది. తను ఒక్క మూడు రోజులు బెంచీ మీద కూర్చుని విని ఉంటే ఇట్లా జరిగేది కాదు. ఆ సంగతి అతను ఆ తర్వాత ఎవరు అడిగినా దాచకుండా చెప్పాడు.

నీతి: నేర్పేవాడు తాను నేర్చుకోవడం మానేస్తే, ఆ శిక్ష పడేది అతనికి కాదు, అతన్ని నమ్మిన పిల్లలకు. అందుకే ఎంత వయసు వచ్చినా, ఎంత పేరు వచ్చినా, పాఠం చెప్పేవాడు ముందు పాఠం వినాలి.